వియత్నాం ఈ-వీసా: ఒక జిరాక్స్ సెంటరాయన రివ్యూ

ముందే చెప్తున్న. వియత్నాం ప్రభుత్వం నడిపే ఈ-వీసా సైటుకు ఐదుకు నాలుగు మార్కులు. అదే వీసాను మన ఊళ్లె అద్దాల తలుపు, ఏసీ పెట్టుకొని అమ్ముతున్న ఒక కన్సల్టెన్సీకి ఒక్కటి. ఆ ఒక్కటి గూడ వాళ్లు పోసిన చాయ్‌కి. దుకాణం పేరు రాయను, రాయాల్సిన అవసరం గూడ లేదు. ఈ కింద చెప్పేటివి చదివినంక అసొంటి దుకాణం ఏ ఊళ్లె ఉన్నా మీరే గుర్తుపడ్తరు.

నాది హన్మకొండలో కేయూ రోడ్డు మీద చిన్న ఇంటర్‌నెట్ సెంటర్. జిరాక్స్, లామినేషన్, పాస్‌పోర్టు ఫొటోలు, ఆన్‌లైన్ అప్లికేషన్లు. ఎంసెట్ కౌన్సెలింగ్, దోస్త్ వెబ్ ఆప్షన్లు, గ్రూప్స్ నోటిఫికేషన్లు, పాన్ కార్డులు, పాస్‌పోర్టు స్లాట్లు, పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్లు. పొద్దందాక ఫారాలు నింపుడే నా బతుకుదెరువు. కాబట్టి ఒక సైటు తెరవంగనే నేను బొమ్మలు, రంగులు చూడ. ఏ గడి దగ్గర మనిషి ఆగిపోతడు, ఏ గడిలో తప్పు పడితే పైసలు పోతయి, అదే చూస్త.

భద్రకాళి బండ్ మీద పొద్దున నడిచే రిటైర్డ్ సార్ల బ్యాచొకటి నాకు పాత గిరాకీ. వాళ్లకు నిరుడు వియత్నాం మీద మనసుపడ్డది. హైదరాబాద్ నుంచి నేరుగా విమానాలు వచ్చినయి, ఖర్చు మన చేతికి అందేటట్టు ఉన్నది, ఇంక మోకాళ్లు సహకరిస్తున్నప్పుడే చూడాలె అని వాళ్ల లెక్క. నన్ను, మా ఇంటామెను గూడ కలుపుకున్నరు. "ఫారాలు నింపనీకి ఒక మనిషి కావాలె గదా తమ్మీ" అన్నడు బ్యాచులో పెద్దాయన, లెక్కల సారు. ప్రేమతోనే అన్నడు గని, మాట నిజమే.

నా దగ్గరికి రాకముందు ఈ సారు కన్సల్టెన్సీకి పోయొచ్చిండు. తలకు 6,500 చెప్పిన్రట. అందులో ఏమేమి ఉన్నయని అడిగితే, "ఎంబసీ చార్జీలు, సర్వీసు, డాక్యుమెంటేషన్ సార్" అన్నరట. సారు ముప్పై ఏండ్లు పిల్లలతోని లెక్కలు చేయించినోడు, విడివిడిగా రాసియ్యమని కాగితం ముందల పెట్టిండు. రాసియ్యలే. పైంగ ఒరిజినల్ పాస్‌పోర్టులు ఇచ్చిపొమ్మన్నరు. ఇంకొక మేడం పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉన్నది, అంటే పనికోసం కొన్ని దేశాలకు పోయేముందు సర్కారు అనుమతి తీసుకోవాలె అనే ముద్ర, ఆమె పది పాస్ కాలే. దానికి "క్లియరెన్స్" కింద మళ్ల వేరే రేటు చెప్పిన్రు.

ఈ మూడు మాటలు మూడూ తప్పే. ఒకటి, ఈ-వీసాకు ఎంబసీ అనే మెట్టే లేదు. అప్లికేషన్ సీదా వియత్నాం ఇమిగ్రేషన్ డిపార్ట్‌మెంటుకు పోతది, వీసా పీడీఎఫ్ లెక్క తిరిగొస్తది, స్టిక్కర్ అతికించేది లేదు. రెండు, అందుకే ఒరిజినల్ పాస్‌పోర్టు ఎవ్వరికీ ఇచ్చే పని లేదు, ఫొటో ఉన్న పేజీ స్కాన్ చేస్తే చాలు. మూడు, ఈసీఆర్ అనేది పనికోసం పోయేటోళ్ల కోసం పెట్టిన కట్టుబాటు. ఆ లిస్టులో ఉన్నయి 18 దేశాలు, సౌదీ, కువైట్, ఖతార్, ఒమన్, యూఏఈ, మలేషియా, థాయ్‌లాండ్ అట్ల. వియత్నాం ఆ లిస్టులోనే లేదు. టూరుకు పోయే ఆమె నుంచి క్లియరెన్స్ పేరు మీద పైసలు అడిగిన్రంటే ఏమనుకోవాలె? కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల దిక్కు గల్ఫ్ ఏజెంట్ల చేతిలో పాస్‌పోర్టులు పెట్టి తిరిగినోళ్లు మనలో ఎంతమంది లేరు? వీసా అనంగనే ఎవరికో పాస్‌పోర్టు అప్పజెప్పాలె అనే భయం మనకు అక్కడ్నుంచే అంటుకున్నది. ఈ దుకాణాలు బతికేది ఆ భయం మీదనే.

అసలు ధర చెప్త. ఒకసారి పోయొచ్చే సింగిల్ ఎంట్రీకి 25 డాలర్లు, పలుమార్లు పోయే మల్టిపుల్‌కు 50 డాలర్లు. మన పైసల్లో సింగిల్‌కు రెండు వేల పైన. 2023 ఆగస్టు 15 నుంచి అన్ని దేశాలోళ్లకు ఈ-వీసా తెరిచిన్రు, గడువు గూడ 90 రోజుల దాకా పెంచిన్రు. అంతకుముందు 30 రోజులే, సింగిల్ ఎంట్రీయే. పాత రోజుల్లో ఏజెంటు తెప్పించే అప్రూవల్ లెటర్ పట్టుకొనిపోయి, అక్కడ ఎయిర్‌పోర్టులో లైన్ల నిలబడి ఇంకొక 25 డాలర్లు కట్టి స్టాంపు కొట్టించుకునే పద్ధతి ఉండె. ఆ లెటర్లు ఇప్పటికీ కొందరు అమ్ముతున్నరు. నేరుగా ఈ-వీసా దొరుకుతున్నప్పుడు మామూలు టూరిస్టుకు అది దండుగ.

సైటు అడ్రసు సంగతి. ఈవీసా డాట్ జీఓవీ డాట్ వీఎన్. చివర "జీఓవీ డాట్ వీఎన్" అని ఉన్నదా లేదా అదొక్కటి చూడండి. గూగుల్‌లో వెతికితే మీదికి మీదికి వచ్చే సైట్లలో మస్తుమటుకు ప్రైవేటువి. ఎర్ర జెండా, పసుపు నక్షత్రం పెట్టుకొని సర్కారు సైటు తీరుగనే కనపడ్తయి. వాళ్లు చేసేది గూడ మీ వివరాలు తీసుకొని ఈ సర్కారు సైటులోనే కొట్టుడు. అదే పని నేను చేస్త, మీ అబ్బాయి చేస్తడు, పదో తరగతి చదివే మనవరాలు గూడ చేస్తది. తేడా ఒక్కటే, వాళ్లు డాలర్లల్లో తీసుకుంటరు.

ఇగ ఫారం. పొడుగ్గనే ఉంటది గని గందరగోళం లేదు. మనోళ్లకు అసలు చిక్కు పేరు కాడనే.

మన పాస్‌పోర్టులో సర్‌నేమ్ ఒక లైను, గివెన్ నేమ్ ఒక లైను. కొందరికి ఇంటిపేరు సర్‌నేమ్‌లో పడ్డది, కొందరికి ఇంటిపేరు, సొంత పేరు, చివర రెడ్డో రావో గౌడో అన్నీ గలిపి గివెన్ నేమ్‌లోనే పడి సర్‌నేమ్ ఖాళీగ ఉన్నది. ఆడోళ్లకు పెండ్లికి ముందటి ఇంటిపేరుతోని పాస్‌పోర్టు, పెండ్లి తర్వాతి ఇంటిపేరుతోని ఆధార్. విమానం టికెట్ మీద మూడో రకం. వియత్నాంకు ఆధార్ అక్కర్లేదు, పెండ్లి సర్టిఫికెట్ అక్కర్లేదు. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున బాణాల గుర్తులతోని రెండు వరుసలుంటయి చూడండి. మిషన్ చదివేది దాన్నే. "పి" తర్వాత "ఐఎన్‌డీ" అని ఉంటది, సర్‌నేమ్ ఉన్నోళ్లకు ఆ వెంటనే వచ్చేది సర్‌నేమ్, రెండు బాణాల తర్వాత వచ్చేది గివెన్ నేమ్. నేను ఎవరి ఫారం నింపినా పైన చూడ, ఆ అడుగు వరుస చూసి ఒక్కొక్క అక్షరం కొడ్త. స్పెల్లింగు మంచిగ లేదని సరిచేసుడు అసలే వద్దు. లెక్కల సారు పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక అక్షరం ఎక్కువ పడి ఉన్నది. "అది తప్పు తమ్మీ, తీసేయ్" అంటడు. తప్పో ఒప్పో, పాస్‌పోర్టు ఏం చెప్తే అదే ఆయన పేరు. టికెట్ బుక్ చేసినోడికి గూడ అదే చెప్పిన.

పుట్టిన ఊరు గడి ఇంకొక వేడుక. మా బ్యాచులో అందరూ ఉమ్మడి వరంగల్ జిల్లా వాళ్లే. 2016 అక్టోబరులో జిల్లాలు విడగొట్టినంక ఒకాయన జనగామ అయిండు, ఒకాయన మహబూబాబాద్, ఒకామె భూపాలపల్లి నుంచి 2019లో ములుగుకు మారింది, అందరం ఉన్న ఊరు వరంగల్ అర్బన్ అయి 2021లో హన్మకొండ జిల్లా అయింది. మనుషులు కదలకుంటనే జిల్లాలు మారినయి. పాస్‌పోర్టులేమో ఒక్కొక్కటి ఒక్కొక్క కాలానివి. 2014 కంటె ముందు పుస్తకాలల్లో పుట్టిన చోటు ఆంధ్రప్రదేశ్ అని ఉంటది, దాన్నే రెన్యువల్ చేసినప్పుడు కొందరికి తెలంగాణ అయింది. "నేను ఆంధ్రప్రదేశ్ అని ఎట్ల రాస్త, మనం కొట్లాడి తెచ్చుకున్నం గదా" అని ఒక సారుకు కోపం. ఉద్యమంలో టెంటు కింద కూసున్న మనిషి, ఆయన బాధ నాకర్థమైంది. గని హనోయిలో కూసున్న ఆఫీసరుకు ఆ చరిత్ర తెల్వదు, పుస్తకంలో ఉన్నది, ఫారంలో ఉన్నది ఒకటేనా కాదా అంతే చూస్తడు. ఎట్లున్నదో అట్లనే కొట్టిన.

ఫొటో నా సొంత ఇలాకా కాబట్టి జర వివరంగ చెప్త. పాస్‌పోర్టు స్కాన్, మీ ఫొటో, రెండూ అప్‌లోడ్ చెయ్యాలె. ఫొటో 4 ఇంటూ 6 సెంటీమీటర్ల సైజు, ముఖం సీదాగ, కండ్లద్దాలు లేకుంట. మన దగ్గర మామూలుగ దిగేది 35 ఇంటూ 45 మిల్లీమీటర్లు, దాన్నే సాగదీసి పెడితే ముఖం పొడుగైతది. అట్ల సాగదీయొద్దు, కొత్తగ దిగి క్రాప్ చెయ్యాలె. కండ్లద్దాలు తియ్యమంటే లెక్కల సారు నలభై ఏండ్ల సంది తీయలేదన్నడు. తీసినంక ముక్కు మీద రెండు దిక్కుల ఎర్రటి గుంటలు. "ఇవి గూడ ఎడిటింగుల తీసేస్తవా" అన్నడు. తియ్యలే. వీసా ఫొటోకు ముఖం తెల్లగ చేసుడు, మచ్చలు తీసుడు, జుట్టు నల్లగ చేసుడు నేను చెయ్య, ఎవ్వరడిగినా చెయ్య. పెండ్లి ఫొటోకు అడగండి, చేస్త. పాస్‌పోర్టు స్కాన్‌కు గూడ ఒక మాట. ఫోన్‌తోని తీస్తే లామినేషన్ మీద ట్యూబులైటు పడి సరిగ్గ నంబరు మీదనే తెల్లగ మెరుస్తది. అడుగు రెండు వరుసలు తెగకుంట, నాలుగు మూలలు కనపడేటట్టు ఫ్లాట్‌బెడ్ స్కానర్ మీద తియ్యాలె. ఫొటోలు మంచిగ పడితే ఈ-వీసా పనిలో సగం అయిపోయినట్టే.

మతం గడి ఉంటది, రాసి ముందుకు పోవుడే. ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు, ఆపద వస్తే ఎవరికి చెప్పాలె, ఏం పని చేస్తరు, ఇంతకుముందు వియత్నాం చట్టం తప్పిన్రా, ఇట్లాంటివి వస్తయి. నిజం రాస్తే ఏ చిక్కూ లేదు.

తారీఖుల కాడ మాత్రం జర ఆగాలె. ఎప్పుడు దిగుతరు అని అడుగుతది. మీరు ఏ తారీఖు ఇస్తరో వీసా ఆ తారీఖు నుంచే మొదలైతది, ఒక్క రోజు ముందు దిగినా ఆ వీసా పనికిరాదు. తర్వాత దిగితే ఏం కాదు, గడువులోపల వచ్చేస్తే చాలు. అందుకని టికెట్ మీదున్న రోజు కంటె రెండు మూడు రోజులు ముందటి తారీఖు ఇచ్చుడు, వారం టూరుకు గూడ నెల రోజుల గడువు అడుగుడు నా పద్ధతి. ఫీజు అంతే, గడువు పెరిగితే ఫీజు పెరగదు. విమానం ఒక రోజు అటుఇటైనా మన నిద్ర చెడదు. ఇంకొకటి, హైదరాబాద్‌లో అర్ధరాత్రి అటుఇటు ఎక్కే విమానాలకు తారీఖు లెక్క తప్పే అవకాశం ఎక్కువ. వియత్నాం మనకంటె గంటన్నర ముందుంటది. ఎక్కిన రోజు కాదు, అక్కడ దిగే రోజు చూసుకోవాలె.

దిగే చోటు, తిరిగి ఎక్కే చోటు లిస్టులో నుంచి ఎంచుకోవాలె. హనోయికి నోయ్ బాయ్, హో చి మిన్ సిటీకి తాన్ సొన్ న్యాట్, మధ్యలో ద నాంగ్. దిగే ఎయిర్‌పోర్టు పేరు వీసా మీద ప్రింటయి వస్తది, అందుకని టికెట్లు చేతిలో పట్టుకొనే ఈ గడి నింపాలె. ముందు వీసా తెచ్చుకొని తర్వాత అగ్గువ టికెట్ ఎక్కడికి దొరికితే అక్కడికి పోదామంటే కుదరదు.

అక్కడి అడ్రసు గడిలో మొదటి హోటల్ అడ్రసు ఇస్తే సరిపోతది. ఇక్కడ గూడ మన జిల్లాల కథనే ఎదురైంది, నాకు నవ్వొచ్చింది. 2025 జులై 1 నుంచి వియత్నాం 63 రాష్ట్రాలను, నగరాలను కలిపి 34 చేసింది, నడుమ ఉండే జిల్లా అనే మెట్టునే ఎత్తేసింది. మనం పదిని ముప్పై మూడు చేసుకున్నం, వాళ్లు అరవై మూడును సగం చేసుకున్నరు. దీంతోని ఏమైతదంటే, హోయ్ ఆన్‌లో ఉన్న హోటల్ పాత కాగితాల మీద క్వాంగ్ నామ్ అని ఉంటది, ఇప్పుడు అది ద నాంగ్ కింద ఉన్నది. బుకింగ్ కాగితంలో ఒక పేరు, లిస్టులో ఇంకొక పేరు చూసి గాబరా పడేది లేదు. హోటల్ వాళ్లకు మెసేజ్ పెట్టి కొత్త అడ్రసు తెప్పించుకుంటే అయిపాయె.

సింగిలా, మల్టిపులా? వియత్నాం ఒక్కటే చూసొచ్చేటోళ్లకు సింగిల్ చాలు. నడుమ కంబోడియా పోయి అంగ్‌కోర్ వాట్ చూసి మళ్ల వియత్నాం మీంచే ఇంటికి రావాలనుకుంటే మల్టిపుల్ తప్పదు, కంబోడియా వీసా దానికి వేరే. మా బ్యాచులో అంగ్‌కోర్ మాట ఒకసారి లేచింది గని మేడాల మోకాళ్లు అడ్డంపడ్డయి. దాని బదులు ద నాంగ్ దిక్కు "మీ సొన్" అనే పాత గుళ్ల చోటు చూసినం. ఒకప్పుడు అక్కడ ఏలిన చంపా రాజులు కట్టిన ఇటుక గుళ్లు, లోపల శివలింగాలు. 1999 నుంచి యునెస్కో లిస్టులో ఉన్నది. మన దేశపు పురావస్తు శాఖ వాళ్లే అక్కడ మరమ్మతు చేసిన్రు, 2020లో ఆ పనుల్లోనే తొమ్మిదో శతాబ్దం నాటి ఏకశిలా లింగం బయటపడ్డది. రామప్ప చూసి పెరిగిన కండ్లకు ఆ ఇటుకల పని వేరే లోకం. అమెరికా బాంబులకు కూలిన గుళ్ల దగ్గర మా చరిత్ర మేడం చానసేపు నిలబడ్డది, మేం పిలిచేదాక కదలలే. సరే, ఇది వీసా రివ్యూ, మళ్ల దారిలోకి వస్త.

పైసలు కట్టే దగ్గర యూపీఐ లేదు. ఫోన్‌పే, గూగుల్‌పే నడవదు. ఇంటర్నేషనల్ కార్డు కావాలె. మనోళ్ల కార్డు ఇక్కడనే ఆగుతది. దానికి వియత్నాం కారణం కాదు. 2020లో వచ్చిన రిజర్వ్ బ్యాంకు నియమం ప్రకారం కొత్త కార్డులు మన దేశం లోపల వాడకానికే తెరిచి ఉంటయి, విదేశీ వాడకం మనమే ఆన్ చేసుకోవాలె. బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగులకు పోయి ఇంటర్నేషనల్, ఆన్‌లైన్, రెండూ ఆన్ చేసి, లిమిట్ పెట్టి, పని అయినంక మళ్ల ఆఫ్ చేసుకోండి. 25 డాలర్ల మీద కొంచెం గేట్‌వే చార్జీ, డాలర్లకు మార్చినందుకు మీ బ్యాంకు వేసే ఫారెక్స్ మార్కప్, దాని మీద జీఎస్టీ కలుస్తయి. అన్నీ కలిపినా కన్సల్టెన్సీ చెప్పిన 6,500లో సగం దాటదు. పైసలు కట్టేముందు కనపడే పేజీని నేను ప్రింటు తీసి పెన్నుతోని పాస్‌పోర్టు పక్కన పెట్టి టిక్ కొడ్త. స్క్రీన్ మీద కనపడని తప్పు కాగితం మీద కనపడ్తది.

సైటుకు ఒక మార్కు తగ్గించింది ఇక్కడనే. ఒకసారి పైసలు కట్టినంక ఫారం మన చేతిలో ఉండదు. వాళ్లు ఫలానాది సరిచెయ్యమని అడిగితేనే సరిచేసే వీలు. వీసా రాకున్నా ఫీజు వాపసు రాదు. మన పాన్ కార్డుకు గూడ కరెక్షన్ ఫారం అని ఒకటున్నది గదా. పేరులో ఒక్క అక్షరం తప్పిన మనిషి మళ్ల కొత్తగ 25 డాలర్లు కట్టుడు నాకైతే న్యాయమనిపించలే.

పైసలు కట్టినంక రిజిస్ట్రేషన్ కోడ్ ఒకటొస్తది. ఆ కోడ్, ఈమెయిల్, పుట్టిన తారీఖు మూడూ కొడితేనే స్టేటస్ కనపడ్తది. అందుకని ఈమెయిల్ మీదే ఇయ్యండి, దుకాణం వాళ్లది ఇయ్యొద్దు. దుకాణం ఈమెయిల్ ఇస్తే మీ వీసా మీకంటె ముందు వాళ్లకు చేరుతది, అప్పుడు "అర్జెంటు చార్జీ" అనే మాట పుడ్తది. మూడు పనిదినాలల్ల అయితదని సైటు చెప్తది. శని, ఆదివారాలు లెక్కలోకి రావు, వాళ్ల పండుగలు లెక్కలోకి రావు. జనవరి, ఫిబ్రవరి మధ్యన వచ్చే తెత్, వాళ్ల కొత్త సంవత్సరం, అప్పుడు దేశమంతా బంద్ ఉంటది. ఏప్రిల్ 30, మే 1, సెప్టెంబర్ 2 గూడ సెలవులే. టూరుకు మూడు వారాలు ముందు పెట్టుకుంటే గుండె దడ ఉండదు.

పీడీఎఫ్ వచ్చినంక ప్రింటు తీసి పేరు, పాస్‌పోర్టు నంబరు, తారీఖులు మళ్లొకసారి చూడండి. రెండు కాపీలు, ఒకటి చేతి సంచిలో, ఒకటి జతగాని సంచిలో. ఫోన్‌లో ఉంది గదా అంటరు. శంషాబాద్‌లో మొదట అడిగేది విమానం కంపెనీ కౌంటర్ వాళ్లు. సరైన కాగితాలు లేని మనిషిని ఎక్కించుకుంటే కంపెనీకి జరిమానా పడ్తది, అందుకని వాళ్లు గట్టిగనే చూస్తరు. తర్వాత మన ఇమిగ్రేషన్‌లో తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ అడిగే అవకాశం ఉంటది, అవి గూడ కాగితం మీదనే పెట్టుకోండి. లెక్కల సారు ఫోన్ చార్జింగు సరిగ్గ కౌంటర్ ముందల అయిపోయింది. చేతిలో కాగితం ఉన్నది కాబట్టి నడిచింది. హనోయిలో ఆఫీసరు ముఖం చూసిండు, కాగితం చూసిండు, కండ్లద్దాలు తియ్యమన్నడు, స్టాంపు కొట్టిండు. సారు నా దిక్కు తిరిగి ముక్కు మీది గుంటలు చూపించి నవ్విండు. ఫొటోలో అవి ఉన్నయి గదా మరి.

పాస్‌పోర్టు గడువు కనీసం ఆర్నెల్లు ఉండాలె అన్నది మర్చిపోకండి. లేకుంటే ముందు రెన్యువల్. వరంగల్ పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రంలో స్లాటు దొరకకుంటే కరీంనగర్ గూడ పోవచ్చు. 36 పేజీల పుస్తకానికి మామూలుగ 1,500, తత్కాల్ అయితే 3,500. పెద్దోళ్ల పాస్‌పోర్టు రెన్యువల్ చేయిస్తున్నప్పుడు ఈసీఆర్ తీయించుకునే వీలున్నదా అడగండి. యాభై దాటినోళ్లకు పది పాస్ సర్టిఫికెట్ అక్కర్లేదు.

పక్క దేశాల గురించి గూడ నన్ను అడుగుతుంటరు, రెండు ముక్కలు చెప్పి వదిలేస్త. థాయ్‌లాండ్‌కు 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు నింపాలె, మలేషియాకు అట్లాంటిదే ఒకటున్నది. రెండూ దిగేముందు మూడు రోజుల లోపల నింపేటివి, రెండూ ఉచితం. వీటికి గూడ పైసలు తీసుకునే సైట్లున్నయి, జాగ్రత్త. సింగపూర్ వేరే పద్ధతి, అక్కడ వీసా మామూలుగ గుర్తింపు ఉన్న ఏజెంటు ద్వారా పెట్టాలె, కాబట్టి ఏజెంటుకు పైసలిచ్చుడు తప్పు కాదు. దుబాయికి కొడుకు దగ్గరికి పోయే తల్లుల కష్టం మన దిక్కు ఎక్కువ. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేకుంట ఉత్త ఒక్క పేరే ఉన్న ముసలామెలు మస్తుమంది ఉన్నరు. 2022 నవంబరులో యూఏఈ అట్ల ఒకే పేరున్న పాస్‌పోర్టు మీద విజిట్ వీసాతోని రానియ్యమని చెప్పింది. రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటమని తర్వాత చెప్పిన్రు. అయినా టికెట్ కొనేముందే పాస్‌పోర్టు రీ-ఇష్యూ పెట్టి ఇంటిపేరు సర్‌నేమ్‌లో పడేయించుకొమ్మని నేను చెప్త. కొడుకు అక్కడ లీవు పెట్టుకొని ఎదురుచూస్తుంటడు, తల్లి ఇక్కడ కౌంటర్ కాడ ఏడుస్తుంటది. ఆ గోస చూడలేం.

కన్సల్టెన్సీలన్నీ దొంగలని నేను అనట్లే. యూరప్ షెంజెన్ వీసాకు పోయేటోళ్లకు 90 యూరోల ఫీజు, 30,000 యూరోల ఇన్సూరెన్సు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రోజువారీ ప్లాను, వేలిముద్రలు, ఇవన్నీ ఉంటయి. ఫైలు పద్ధతిగ పెట్టిచ్చే మనిషికి పైసలిచ్చుడు దండుగ కాదు. అమెరికాకు 185 డాలర్లు కట్టి నానక్‌రామ్‌గూడల ఉన్న కాన్సులేట్‌కు ఇంటర్వ్యూకు పోయేటోళ్లకు ఫారం ముందల కూసోబెట్టి ఒక్కొక్క ప్రశ్న అర్థం చెప్పే మనిషి దొరికితే మంచిదే. వియత్నాం ఈ-వీసా ఆ తరగతి పని కాదు. ఫ్లాట్‌బెడ్ స్కానర్, కండ్లద్దాలు లేని ఫొటో, ఇంటర్నేషనల్ ఆన్ చేసిన కార్డు, గంట సేపు ఓపిక. ఇంతే సరుకు.

నా దుకాణానికి వస్తే స్కానింగ్, ఫొటో, ఫారం, రెండు కాపీల ప్రింటు అన్నీ గలిపి మనిషికి 200 తీసుకుంట. వీసా ఫీజు మీ కార్డుతోని మీరే కడ్తరు, ఓటీపీ మీ ఫోన్‌కే వస్తది, ఈమెయిల్ మీదే ఉంటది. పాస్‌పోర్టు స్కాన్ కాంగనే మీ చేతిలో పెడ్త, సిస్టంలో ఉన్న స్కాన్ కాపీ మీ ముందలనే డిలీట్ చేస్త. పొద్దున పదకొండు లోపల రండి. ఎంసెట్ కౌన్సెలింగ్ నడిచే రోజులల్ల మాత్రం రాకండి, ఆ రోజుల్లో పిల్లల పనే ముందు.